వాల్వ్ ఆపరేషన్‌కి ముందు యాంజియోగ్రామ్ ఎందుకు? గుండె కవాటాలకూ, గుండె రక్తనాళాలకూ ఉన్న సంబంధం

ఇంట్లో పెద్దాయనకి కొన్ని నెలలుగా ఆయాసం. మసీదుకి నడిచి వెళ్తూ దారిలో రెండుసార్లు ఆగుతున్నారు. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటోందని అంటున్నారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే గుండెకి ఎకో తీసి, "వాల్వ్ బాగా బిగుసుకుపోయింది, ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు. ఇంటిల్లిపాదీ కంగారుపడి, మనసు గట్టి చేసుకుని, సరే అనుకున్నారు. అప్పుడు డాక్టర్ ఇంకో మాట చెప్పారు: "ముందు యాంజియోగ్రామ్ చేద్దాం."

చాలా కుటుంబాల్లో అనుమానం ఇక్కడే మొదలవుతుంది. "చెడిపోయింది వాల్వ్ కదా, రక్తనాళాల పరీక్ష దేనికి? బిల్లు పెంచడానికా?" అని బంధువుల్లో ఎవరో ఒకరు అంటారు. కొందరు ఆ మాట పట్టుకుని ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఇంకొందరు పరీక్ష చేయించుకుంటారు. అందులో బ్లాకులు లేవని తేలగానే "అల్‌హమ్దులిల్లాహ్, గుండె బాగుంది" అనుకుని వాల్వ్ సంగతే మర్చిపోతారు.

ఈ రెండూ పొరపాట్లే. రెండోది మరీ ప్రమాదం. ఎందుకంటే వాల్వ్ జబ్బు ఒక్క బ్లాక్ కూడా లేకుండానే గుండె కండకి రక్తం చాలకుండా చెయ్యగలదు. వాల్వ్, రక్తనాళం రెండూ వేర్వేరు సంగతులు కావు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి ఆధారపడి పని చేస్తాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే డాక్టర్ చెప్పే మిగతా మాటలన్నీ సులువుగా అర్థమవుతాయి.

నాలుగు తలుపులు, రెండు నాళాలు

మన గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు ఉంటాయి. కవాటం అంటే తలుపు లాంటిది. రక్తాన్ని ముందుకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఈ నాలుగింటిలో ఎక్కువగా చెడిపోయేవి ఎడమ వైపున్న రెండు. ఒకటి మైట్రల్ వాల్వ్, రెండోది అయోర్టిక్ వాల్వ్. ఎడమ కింది గది నుంచి రక్తం అయోర్టిక్ వాల్వ్ దాటి అయోర్టా అనే పెద్ద నాళంలోకి వస్తుంది. అక్కడి నుంచి ఒళ్లంతా వెళ్తుంది.

ఆ అయోర్టా నుంచి పుట్టే మొట్టమొదటి కొమ్మలే కరోనరీ ధమనులు. గుండె కండకి రక్తం ఇచ్చేవి ఇవే. ఎడమది ఒకటి, కుడిది ఒకటి. ఇవి మొదలయ్యే రంధ్రాలు అయోర్టిక్ వాల్వ్ రెక్కలకి కాస్త పైన, సుమారు ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులోనే ఉంటాయి. అంటే తలుపు, దాని పక్కనే కుళాయి. తలుపు బాగుచెయ్యాలంటే కుళాయి పక్కనే పనిముట్లు పెట్టాలి.

ఇంకో విశేషం ఉంది. ఒంట్లో మిగతా భాగాలకి గుండె కొట్టుకున్నప్పుడు రక్తం ఎక్కువగా వెళ్తుంది. ఎడమ గుండె కండకి మాత్రం గుండె వదులైనప్పుడే ఎక్కువ రక్తం అందుతుంది. కండ బిగుసుకున్నప్పుడు దాని లోపలి నాళాలు కూడా నొక్కుకుపోతాయి కాబట్టి రక్తం లోపలికి పోలేదు. ఊరికి అన్నం వండి పెట్టే మనిషి తను తినేది అందరూ తిన్నాకే కదా, గుండె సంగతీ అలాంటిదే.

ఒంట్లో తిరిగే రక్తంలో సుమారు 5 శాతం గుండె కండే వాడుకుంటుంది. ఆ రక్తంలోని ప్రాణవాయువులో చాలా భాగాన్ని విశ్రాంతిగా ఉన్నప్పుడే లాగేసుకుంటుంది. కాబట్టి పని పెరిగితే అదే రక్తం నుంచి ఇంకా లాగడానికి పెద్దగా మిగలదు. రక్తమే ఎక్కువ రావాలి. రాకపోతే నొప్పి.

బ్లాక్ లేకుండానే ఛాతీ నొప్పి

పెద్ద వయసులో అయోర్టిక్ వాల్వ్ మీద సున్నం లాంటి కాల్షియం పేరుకుని రెక్కలు బిగుసుకుపోతాయి. దీన్ని అయోర్టిక్ స్టెనోసిస్ అంటారు. మామూలుగా ఈ వాల్వ్ తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. అది 1 చదరపు సెంటీమీటరు, అంతకంటే తక్కువకి వస్తే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మీ ఎకో రిపోర్టులో ఈ అంకె, దాంతో పాటు "మీన్ గ్రేడియెంట్" అనే అంకె ఉంటాయి. గ్రేడియెంట్ 40 దాటితే కూడా తీవ్రమే.

ఇరుకైన దారి గుండా రక్తం తొయ్యాలంటే గుండె చాలా ఒత్తిడి పెట్టాలి. బయట బీపీ 120 ఉన్నా, గుండె లోపల 180, 200 దాకా ఒత్తిడి ఉండొచ్చు. రోజుకి సుమారు లక్షసార్లు ఆ బరువు ఎత్తితే కండ మందంగా తయారవుతుంది. చూడ్డానికి బలంగా కనిపిస్తుంది గానీ దానికి మూడు కష్టాలు వచ్చి పడతాయి.

మొదటిది, మందమైన కండకి ఎక్కువ రక్తం కావాలి. రెండోది, లోపలి ఒత్తిడి వల్ల కండ లోపలి పొరలోని చిన్న నాళాలు నొక్కుకుపోతాయి. మూడోది, గుండె వేగం పెరిగేకొద్దీ వదులయ్యే సమయం తగ్గిపోతుంది, అంటే కండకి రక్తం అందే సమయమే తగ్గుతుంది. ఈ మూడూ కలిస్తే, కరోనరీ నాళాలు శుభ్రంగా ఉన్నా సరే, నడిచినప్పుడు ఛాతీలో బరువు, మంట, గొంతు దాకా పట్టేసినట్టు ఉండటం మొదలవుతాయి.

అందుకే యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవంటే ఆ నొప్పి గ్యాస్ అని అర్థం కాదు. నొప్పికి కారణం వాల్వే అయ్యుండొచ్చు. అయోర్టిక్ స్టెనోసిస్‌లో మూడు లక్షణాలు ముఖ్యం: ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం. రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే అమెరికా వైద్యులు 1968లో చెప్పిన లెక్క ఇప్పటికీ డాక్టర్లు గుర్తు పెట్టుకుంటారు. వాల్వ్ మార్చకుండా వదిలేస్తే, ఛాతీ నొప్పి మొదలైన తర్వాత సగటున 5 ఏళ్లు, స్పృహ తప్పడం మొదలైతే 3 ఏళ్లు, గుండె వైఫల్యంతో ఆయాసం మొదలైతే 2 ఏళ్లు. ఇది సగటే, ఏ ఒక్కరి ఆయుష్షూ ఇంతే అని చెప్పే లెక్క కాదు. అయినా "చూద్దాంలే, వచ్చే ఏడాది" అని వాయిదా వేసే జబ్బు కాదని మాత్రం దీన్ని బట్టి తెలుస్తుంది. మందులతో ఈ తలుపు తెరుచుకోదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మన ఇళ్లల్లో ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టడం అలవాటు. తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్ ఉన్నవాళ్లకి దీనివల్ల బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. కాబట్టి వాల్వ్ ఇరుకైనవాళ్లు ఆ మాత్ర తమకి పనికొస్తుందా లేదా అని డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోవాలి. అలాగే లక్షణాలున్నవాళ్లు సొంతంగా ల్యాబ్‌కి వెళ్లి ట్రెడ్‌మిల్ మీద పరుగు పరీక్ష చేయించుకోకూడదు. ముందు ఎకో, తర్వాతే మిగతావి.

లీకు ఉంటే, మైట్రల్ వాల్వ్ చెడిపోతే

అయోర్టిక్ వాల్వ్ సరిగా మూసుకోకపోతే అయోర్టాలోకి వెళ్లిన రక్తం కొంత వెనక్కి వచ్చేస్తుంది. గుండె వదులైన సమయంలో కరోనరీ నాళాల్లోకి రక్తాన్ని నెట్టేది అయోర్టాలో మిగిలే ఒత్తిడే, అంటే మన బీపీలో కింది అంకె. లీకు ఎక్కువైతే ఆ కింది అంకె బాగా పడిపోతుంది. బీపీ 150/50 లాంటి అంకెలు కనిపిస్తాయి. కుళాయికి ప్రెషర్ తగ్గినట్టే గుండె కండకి రక్తం తగ్గుతుంది. రాత్రి నిద్రలో గుండె వేగం తగ్గినప్పుడు కొందరికి నొప్పి రావడానికి కారణం ఇదే.

మైట్రల్ వాల్వ్ కథ కొంచెం వేరు. మన దేశంలో ఈ వాల్వ్ చెడిపోవడానికి పెద్ద కారణం చిన్నప్పుడు వచ్చే రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి గొంతు నొప్పితో మొదలై, కీళ్ల నొప్పులు వచ్చి, తర్వాత గుండె కవాటాలని పాడు చేస్తుంది. పెళ్లయ్యాక, కాన్పు సమయంలో ఆయాసంతో బయటపడే ఆడపిల్లలు చాలామంది. ఈ వయసులో కరోనరీ బ్లాకులు అరుదు. కానీ మైట్రల్ వాల్వ్ ఇరుకైతే పై గదిలో రక్తం నిలిచిపోయి గడ్డకట్టొచ్చు, గుండె లయ తప్పొచ్చు. ఆ గడ్డ చిన్న ముక్కగా కదిలితే ఎక్కువగా మెదడుకి పోయి పక్షవాతం తెస్తుంది. అరుదుగా కరోనరీ నాళంలోకి పోయి గుండెపోటూ తెస్తుంది. వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ పట్టినప్పుడు కూడా ఇలాగే ముక్కలు ఊడి వెళ్లొచ్చు. బ్లాకులు లేని ముప్పై ఏళ్ల మనిషికి గుండెపోటు ఎలా వచ్చిందంటే ఇది ఒక సమాధానం.

రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాస్తారు. నొప్పి అని, పిల్ల ఏడుస్తోందని మానేయకండి. ఆ సూది మళ్లీ మళ్లీ వచ్చే జ్వరాన్ని ఆపి వాల్వ్‌ని కాపాడుతుంది.

రెండు జబ్బులూ ఒకే ఇంట్లో

వయసు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బీడీ సిగరెట్. కరోనరీ నాళాల్లో కొవ్వు పేరుకోవడానికి ఏవి కారణమో, అయోర్టిక్ వాల్వ్ మీద కాల్షియం పేరుకోవడానికీ దాదాపు అవే కారణాలు. అందుకే తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్ ఉన్న వృద్ధుల్లో ఇంచుమించు సగం మందికి కరోనరీ జబ్బు కూడా ఉంటుంది. లక్షణం రెండింటిదీ ఒకటే, ఛాతీ నొప్పి. ఏది ఎంత అని బయట నుంచి చెప్పడం కుదరదు. షుగర్ ఉన్నవాళ్లకైతే బ్లాక్ ఉన్నా నొప్పి తెలియకపోవచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు వచ్చింది. బ్లాకులు ఉన్న సంగతి తెలియకుండా వాల్వ్ మాత్రమే మార్చారనుకోండి. ఆపరేషన్ సమయంలో, తర్వాత గుండె మళ్లీ కోలుకునే ఆ కొన్ని గంటల్లో, బ్లాక్ వెనకున్న కండకి రక్తం అందక గుండెపోటు రావచ్చు. ఒకవేళ గట్టెక్కినా, రెండేళ్ల తర్వాత బైపాస్ అవసరమైతే అదే ఛాతీని రెండోసారి తెరవాలి. మొదటిసారి కంటే అది కష్టం. ముందే తెలిస్తే ఒకే ఆపరేషన్‌లో వాల్వ్ మార్చి, బైపాస్ కూడా చేసేస్తారు. సాధారణంగా పెద్ద నాళంలో 70 శాతం, అంతకు మించి అడ్డు ఉంటే బైపాస్ కూడా కలిపి చెయ్యమని చెప్తారు. ఎడమ ప్రధాన నాళంలోనైతే 50 శాతం ఉన్నా పట్టించుకుంటారు.

అందరికీ యాంజియోగ్రామ్ అక్కర్లేదు. 40 దాటిన మగవాళ్లు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, గుండె పంపింగ్ తగ్గినవాళ్లు, షుగర్, బీపీ, పొగతాగడం లాంటివి ఉన్నవాళ్లకి చేస్తారు. పాతికేళ్ల అమ్మాయికి రుమాటిక్ మైట్రల్ వాల్వ్ అయితే చాలాసార్లు అవసరం ఉండదు. బ్లాకులు ఉండే అవకాశం తక్కువ అనిపించినవాళ్లకి ట్యూబ్ వెయ్యకుండా సీటీ యాంజియోగ్రామ్‌తో సరిపెట్టొచ్చు. మీ ఇంట్లో మనిషి ఏ కోవలోకి వస్తారో అడగడం మీ హక్కు. పరీక్షకి ముందు కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చూపించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. డై మందు కిడ్నీ మీద పడుతుంది కాబట్టి ఆ మాత్ర ఆపాలా వద్దా అనేది వాళ్లే చెప్తారు.

ఆపరేషన్ బల్ల మీద ఏం జరుగుతుంది?

వాల్వ్ మార్చాలంటే గుండెని కాసేపు ఆపాలి. ఆ సమయంలో ఒంటికి రక్తం తిప్పే పని హార్ట్-లంగ్ మెషీన్ చూసుకుంటుంది. గుండె ఆగి ఉన్నంతసేపూ దాని కండ పాడవకుండా పొటాషియం ఎక్కువగా ఉన్న ఒక చల్లని ద్రావణం పంపిస్తారు. అది వెళ్లేది కరోనరీ నాళాల గుండానే. అయోర్టిక్ వాల్వ్ లీకు ఉంటే ఆ ద్రావణం గుండెలోకి జారిపోతుంది. అప్పుడు సర్జన్ అయోర్టా తెరిచి కరోనరీ రంధ్రాల్లోకి నేరుగా పోస్తారు, లేదా గుండె వెనకున్న సిర ద్వారా వెనక నుంచి పంపుతారు. కరోనరీ నాళాల్లో బ్లాకులు ఎక్కడున్నాయో ముందే తెలిస్తే ఏ దారిన పంపాలో నిర్ణయించుకోవడం తేలిక. యాంజియోగ్రామ్ వల్ల ఇదింకో ఉపయోగం.

చేతులు తిరిగిన సర్జన్లు చేసినా కొన్ని ప్రమాదాలు ఉంటాయి. అరుదే, అయినా తెలుసుకోవాలి.

అయోర్టిక్ వాల్వ్ పక్కనే కరోనరీ రంధ్రాలు ఉంటాయని చెప్పుకున్నాం. కొత్త వాల్వ్ సరైన ఎత్తులో కూర్చోకపోతే, లేదా కాల్షియం ముక్క జారితే ఆ రంధ్రం మూసుకుపోవచ్చు. ద్రావణం పొయ్యడానికి పెట్టిన గొట్టం వల్ల రంధ్రం దగ్గర దెబ్బ తగిలి, మచ్చ కట్టి, కొన్ని నెలల తర్వాత ఇరుకవ్వొచ్చు. ఇలాంటివి ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో బయటపడతాయి.

మైట్రల్ వాల్వ్ చుట్టూ సర్కమ్‌ఫ్లెక్స్ అనే కరోనరీ కొమ్మ చుట్టుకుని వెళ్తుంది. వాల్వ్ రింగుకి వేసే కుట్టు లోతుగా పడితే ఆ కొమ్మ బిగుసుకుపోవచ్చు. ట్రైకస్పిడ్ వాల్వ్ పక్కన కుడి కరోనరీ ఉంటుంది, దానికీ ఇదే జాగ్రత్త. గుండె తెరిచినప్పుడు లోపల మిగిలిన గాలి బుడగ పైకి ఎక్కి, ముందు వైపు ఉన్న కుడి కరోనరీలోకి పోవచ్చు. అందుకే మూసే ముందు గాలి అంతా తీసేస్తారు. ఆపరేషన్ అవ్వగానే ఈసీజీ, ఎకో చూసేది ఇలాంటివి వెంటనే పట్టుకోవడానికే.

కొందరికి వాల్వ్‌తో పాటు అయోర్టా మొదలు కూడా ఉబ్బిపోయి ఉంటుంది. అప్పుడు బెంటాల్ ఆపరేషన్ చేస్తారు. 1968లో వచ్చిన పద్ధతి ఇది. పాత అయోర్టా భాగం తీసేసి కృత్రిమ గొట్టం పెడతారు. కరోనరీ నాళాల మొదళ్లని గుండీల్లా కత్తిరించి ఆ కొత్త గొట్టానికి కుడతారు. వాల్వ్ ఆపరేషన్, రక్తనాళాల ఆపరేషన్ ఎంత దగ్గరివో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఛాతీ కొయ్యకుండా పెట్టే వాల్వ్

తొడ దగ్గరి నాళం నుంచి ట్యూబ్ ద్వారా కొత్త అయోర్టిక్ వాల్వ్ తీసుకెళ్లి పెట్టే పద్ధతిని టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లోని రువా నగరంలో డాక్టర్ అలాఁ క్రిబియే మొదటిసారి మనిషికి చేశారు. ఇప్పుడు హైదరాబాద్‌తో సహా మన పెద్ద నగరాల్లోనూ చేస్తున్నారు. వృద్ధులకి, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకి ఇది మేలు.

ఇందులో పాత వాల్వ్‌ని తీసెయ్యరు. పక్కకి నొక్కి, దాని మధ్యలో కొత్తది తెరుస్తారు. ఆ పాత రెక్క వెళ్లి కరోనరీ రంధ్రానికి అడ్డం పడితే గుండెకి రక్తం ఆగిపోతుంది. నూటికి ఒకరికంటే తక్కువ మందికి జరిగేదే గానీ జరిగితే ప్రాణాంతకం. అందుకే ముందే సీటీ స్కాన్ తీసి కరోనరీ రంధ్రాలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలుస్తారు. 10, 12 మిల్లీమీటర్ల కంటే కిందికి ఉంటే, అక్కడ జాగా కూడా ఇరుకైతే, జాగ్రత్త పడతారు లేదా వేరే దారి ఆలోచిస్తారు. పాత టిష్యూ వాల్వ్ లోపల మళ్లీ టావీ పెట్టినప్పుడు ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ.

ఇంకో సంగతి. టావీ వాల్వ్ జాలీ కరోనరీ రంధ్రాల ముందుకి రావచ్చు. ఐదేళ్ల తర్వాత గుండెపోటు వచ్చి స్టెంట్ వెయ్యాలంటే ఆ జాలీలోంచి దూరి వెళ్లాలి. అందుకే వయసు తక్కువున్నవాళ్ల విషయంలో "కొయ్యకుండా అయిపోతుంది" అన్న ఒక్క కారణంతో టావీకి తొందరపడకూడదు.

ఆపరేషన్ తర్వాత

వాల్వ్ సరైతే గుండె లోపలి ఒత్తిడి వెంటనే తగ్గుతుంది. మందమైన కండ నెలల తరబడి మెల్లగా పల్చబడుతుంది. చిన్న నాళాలు తేలికపడతాయి. బ్లాకులు లేకుండా వచ్చిన ఛాతీ నొప్పి చాలామందిలో పోతుంది. బ్లాకులుంటే మాత్రం వాల్వ్ మార్చినంత మాత్రాన అవి పోవు. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ మందులు కొనసాగాల్సిందే.

కోత దగ్గర నొప్పి దగ్గినప్పుడు, పక్కకి తిరిగినప్పుడు వస్తుంది. అది మామూలే. కానీ నడిస్తే బరువుగా పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి మొదటి నెలల్లో కొత్తగా మొదలైతే అది కోత నొప్పి కాదు. కరోనరీ రంధ్రం ఇరుకవుతోందేమో చూడాలి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి. చలితో జ్వరం వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా, మెకానికల్ వాల్వ్ టిక్‌టిక్ శబ్దం మారినా అంతే.

మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లు రక్తం పల్చబడే మందు, వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ, జీవితాంతం వాడాలి. ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అయోర్టిక్ వాల్వ్‌కి సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్‌కి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మందు మానేస్తే వాల్వ్ మీద గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోవచ్చు, కరోనరీకీ పోవచ్చు. ఇప్పుడొచ్చిన కొత్తరకం రక్తం పల్చబరిచే మాత్రలు మెకానికల్ వాల్వ్‌కి పనికిరావు. పాలకూర, మెంతికూర, గోంగూర మానేయక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినండి చాలు. ఒంటి నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ కొనుక్కుని వాడొద్దు. గర్భం అనుకునే ఆడవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఈ మందు కడుపులో బిడ్డకి హాని చెయ్యగలదు.

మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు

*వాల్వ్ దేంతో చేస్తారు?* టిష్యూ వాల్వులు కొన్ని పంది గుండె వాల్వ్‌తో, కొన్ని ఆవు గుండె పైపొరతో తయారవుతాయి. మెకానికల్ వాల్వుల్లో జంతువు భాగం ఉండదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్ లోహం, పాలిథిలీన్, పాలియెస్టర్‌తో చేసింది. 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. కాబట్టి పంది వాల్వ్ వద్దనుకుంటే ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి సూటిగా చెప్పండి. ఎవరూ తప్పుగా అనుకోరు. వేరే దారి లేనప్పుడు ఏం చెయ్యాలన్నది మీకు నమ్మకమైన ముఫ్తీ సాబ్‌ని అడగండి. ప్రాణం నిలబెట్టుకోవడానికి తప్పని పరిస్థితిలో అనుమతి ఉందని చాలామంది ఉలమా చెప్తారు. ఈ చర్చ ముందే తేల్చుకోవాలి గానీ, దీనికోసం ఆపరేషనే ఆపేసుకోకూడదు.

*రోజా ఉండొచ్చా?* వాల్వ్ తీవ్రంగా ఇరుకైనవాళ్లకి ఒంట్లో నీరు తగ్గితే బీపీ పడిపోయి, కరోనరీలకి రక్తం తగ్గుతుంది. ఆపరేషన్ అయిన మొదటి నెలలూ అంతే. జబ్బుతో ఉన్నవారికి ఖుర్ఆన్ మినహాయింపు ఇచ్చింది. బాగా కోలుకున్నవాళ్లు రంజాన్‌కి ఒక నెల ముందే డాక్టర్‌ని కలిసి, మందుల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కి మార్చుకోవచ్చా అని అడగాలి. సొంతంగా మాత్ర మానొద్దు.

*నమాజు?* రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చదవండి. సజ్దా నుంచి లేవడానికి చేతుల మీద బరువు వేస్తే కుట్లు లాగుతాయి.

*హిజామా చేయించుకోవచ్చా?* రక్తం పల్చబడే మందు వాడుతుంటే వద్దు, రక్తం ఆగదు. హకీం మందులు, కలోంజి నూనె లాంటివి వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. పన్ను తీయించుకోవాలన్నా ముందే చెప్పాలి. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకి దానికి ముందు యాంటీబయాటిక్ ఇస్తారు.

డాక్టర్‌ని అడగాల్సిన ఐదు మాటలు

1. వాల్వ్ ఇరుకా, లీకా? ఎంత తీవ్రం?
2. ఈ నొప్పి వాల్వ్ వల్లా, బ్లాకుల వల్లా, రెండింటి వల్లా?
3. యాంజియోగ్రామ్ ట్యూబ్‌తోనా, సీటీతోనా? ఎందుకు?
4. బ్లాకులుంటే వాల్వ్‌తో పాటు బైపాస్ చేస్తారా, ముందే స్టెంట్ వేస్తారా?
5. ఏ రకం వాల్వ్, దేంతో చేసింది, ఎన్నేళ్లు ఉంటుంది?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల్లో గుండె ఆపరేషన్లు ఉన్నాయి. కార్డు పట్టుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందుగా కలవండి. మీకు చెప్పిన ఆపరేషన్, మీకు చెప్పిన వాల్వ్ పథకంలో వస్తాయో లేదో అడిగి తెలుసుకోండి. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) మనకి నేర్పారు. దువా చేద్దాం, దవా కూడా చేయిద్దాం. మన అబ్బాజాన్, అమ్మీజాన్ మెట్ల మీద ఆగి ఛాతీ పట్టుకుంటుంటే "వయసైపోయింది కదా" అని వదిలెయ్యకండి. ఒక్క ఎకో తీయించండి. ఆ తర్వాత డాక్టర్ యాంజియోగ్రామ్ అంటే ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. జబ్బుతో ఉన్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, ఆమీన్.